ఇంజను మార్పిడి పూర్వాపరాలు

పరమేశం తన కారుకు ఇంజను మార్పించిన రోజున అది నేరమని అతనికి తెలియదు. నిజం చెప్పాలంటే ఆ రోజుకు అది నేరం కాదు కూడా. ఆ తరవాతి వారం నుంచి అయింది.

బొడ్డేడ పరమేశం దేవరపేట టాక్సీ స్టాండులో కారు నడిపేవాడు. పశువుల డాక్టరుగారొకాయన చూపు మందగించాక అమ్ముకున్న పాత సెడాన్ అది. సీట్లు సోఫాల్లా ఉండేవి. తలుపు వేస్తే బీరువా వేసినంత చప్పుడయ్యేది. డిక్కీలో ఓ చిన్న సంసారం పట్టేది. లోపమల్లా ఇంజనే. మైదానం మీద పెద్దమనిషిలా నడిచేది గాని, కొత్తగెడ్డ ఘాటు రోడ్డు ఎక్కాలంటే దానికి ఆయాసం వచ్చేసేది. మలుపు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు దిగాలి. కొండమీద ఆసుపత్రి నర్సమ్మ, స్కూలు పంతుళ్ళు, కాఫీ గింజలు కొనే షావుకార్లు, అందరూ దిగి కారు వెనకాలే నడిచినవాళ్ళే. "నీ కారెక్కితే ఒళ్ళు తగ్గుతాది పరమేశం" అనేది నర్సమ్మ. వేళాకోళమని తెలిసినా పరమేశం మొహం మాడిపోయేది. ఆ కారు తప్ప అతనికీ అతని భార్య నూకరత్నానికీ మరో ఆధారం లేదు. స్టాండులో మిగతా బండ్లన్నీ కొత్తవి. ఇంకో ఏడాది ఇలాగే నడిస్తే తన బండి ఎక్కేవాళ్ళుండరని అతనికి లోపల బెంగగా ఉండేది.

దారి చూపించినవాడు దాలినాయుడు మేస్త్రీ. జిల్లాలో ఏదో ప్రభుత్వ శాఖవారు పాత జీపొకటి తుక్కు కింద వేలం వేస్తున్నారని కబురు తెచ్చాడు. జీపు బాడీ తుప్పు పట్టి ఊడి రాలుతోంది గాని లోపల డీజిలింజను నిక్షేపంలా ఉందట. అది అరిగిపోకపోవడానికి కారణముంది. ఆ జీపు తన సర్వీసంతా ఆఫీసు ముందు వేపచెట్టు నీడన నిలబడే గడిపింది. పరమేశం వేలంలో పాడుకున్నాడు. దాలినాయుడు ఇంజను దింపి, కమ్మీలు కోసి, అతుకులు వేసి, సెడాన్‌లో కూర్చోబెట్టాడు. పాత పెట్రోలింజనును పరమేశం బావమరిది సన్యాసినాయుడు పట్టుకుపోయి తన చెరకు తోటకు నీళ్ళు తోడడానికి బిగించుకున్నాడు.

కొత్త ఇంజనుతో మొదటిసారి ఘాటెక్కిన రోజున బండిలో ఒక్కరూ దిగలేదు. మలుపులన్నీ అయిపోయాక నర్సమ్మ వెనక సీట్లోంచి, "అప్పుడే వచ్చీసేమా?" అంది. ఆ ఒక్క మాటకు పరమేశానికి ఏనుగెక్కినంత సంబరమైంది. ఆ వారం రోజులూ స్టాండులో అతని నడకే మారిపోయింది.

వారం తిరిగేసరికి రవాణా శాఖ ఇనస్పెక్టరు కారు ఆపి, బానెట్ ఎత్తి, కాయితాల్లో ఉన్న ఇంజను నంబరు వేరు, లోపలున్న నంబరు వేరని గమనించాడు. పరమేశం దాచిందేమీ లేదు. మార్పించానని, ఎంతైతే అంత రుసుము కట్టి రాయించుకుంటానని చెప్పాడు. ఇనస్పెక్టరు మంచివాడే. కిందటి వారమైతే నంబరు చూసి సంతకం పెట్టి పంపేసేవాడినని, ఇప్పుడు తన చేతుల్లో ఏమీ లేదని నొచ్చుకుంటూనే బండిని తీసుకెళ్ళి ఆఫీసు దొడ్లో పెట్టించాడు. పోనీ పాత ఇంజనే మళ్ళీ బిగించేస్తానన్నాడు పరమేశం. అలా బిగిస్తే అది ఇంకో మార్పిడి అవుతుందని, దానికీ అనుమతి కావాలని ఇనస్పెక్టరు చెప్పాడు. ఆ అనుమతి ఇచ్చేది ఆ వారమే కొత్తగా వచ్చిన సమగ్ర మార్పిడుల అనుమతి మండలి.

ఈ మండలి ఎలా పుట్టిందో ఇక్కడ చెప్పుకోవాలి. ఒక పెద్ద అధికారి ఎక్కడికో పర్యటనకు వెళ్ళి, అక్కడ అన్ని అనుమతులూ ఒకే కిటికీ దగ్గర ఇవ్వడం చూసి ముగ్ధుడై వచ్చారు. పౌరుడు పది కిటికీల దగ్గర నిలబడకూడదు, ఒకే కిటికీ దగ్గర నిలబడి తీరాలి అని తీర్మానించారు. అదే రోజుల్లో పరిపాలనంతా తెలుగులో జరగాలన్న ఉత్సాహం కూడా సచివాలయంలో ఉప్పొంగుతోంది. రెండు ఉత్సాహాలూ కలిసేసరికి ఏ అనుమతి ఏ కిటికీకి వెళ్ళాలో మాటను బట్టి తేల్చడం సులువని తోచింది. కంప్యూటరులో 'మార్పిడి' అని కొట్టి వెతికారు. అవయవ మార్పిడి, మత మార్పిడి, పంట మార్పిడి, పార్టీ మార్పిడి, ఇంజను మార్పిడి వచ్చాయి. అన్నిటినీ మూట కట్టి ఒక మండలికి అప్పగించారు. ఇంగ్లీషులో వీటికి తలొక పేరూ ఉండబట్టే పాలన ఇన్నాళ్ళూ చెల్లాచెదురైందని, అన్నిటికీ ఒకే మాట వాడే తెలుగు ఎంత పొదుపరి భాషో చూడమని ప్రారంభోత్సవంలో వక్తలు గర్వపడ్డారు. అందరూ చప్పట్లు కొట్టారు.

మండలికి సభ్య కార్యదర్శి త్రివిక్రమరావు. ఈయన మామూలు తెలుగు మాట్లాడటం మానేసి చాలాకాలమైంది. ఇంట్లో మంచినీళ్ళు కావాలన్నా 'తాగునీటి ఆవశ్యకత ఏర్పడియున్నది' అంటాడని గుమాస్తాలు చెప్పుకునేవారు. పరమేశం చేతికి ఆయన ఒక దరఖాస్తు ఇప్పించాడు. ఏ మార్పిడికైనా అదొక్కటే. పరమేశం గోడవారగా బల్ల మీద కూర్చుని చదువుకున్నాడు. దాత సజీవుడా, దివంగతుడా? దాతకూ గ్రహీతకూ గల బంధుత్వమేమి? గత రుతువున వేసిన పంట ఏది? మార్పిడి స్వచ్ఛందముగా జరిగినదా, లేక భయము, బలవంతము, ప్రలోభము ఏవైనా కలవా? గ్రహీత రక్తవర్గమేమి?

పరమేశం లేచి వెళ్ళి, తనది కారని, దీనికి నెత్తురూ పంటా ఉండవని విన్నవించుకున్నాడు. త్రివిక్రమరావు సానుభూతితోనే విన్నాడు.

"ఖాళీ విడిచిన గడి లోపభూయిష్టముగా పరిగణింపబడును" అన్నాడు. "ఇనుమైననేమి, మాంసమైననేమి? నిబంధనకు పదార్థ భేదము లేదు."

పరమేశం ఆలోచించి ఆలోచించి, రక్తవర్గం దగ్గర 'ఇదివరకు పెట్రోలు, ఇప్పుడు డీజిల్' అని రాశాడు. బంధుత్వం దగ్గర 'ఇద్దరికీ మేస్త్రీ ఒక్కడే' అని రాశాడు. పంట దగ్గర చాలాసేపు ఆగాడు. అబద్ధం రాయడానికి చేతులు రాక, పాత ఇంజను చెరకుకు నీళ్ళు తోడుతోందన్న నిజమే రాసేశాడు. ఆ నిజం వల్ల వచ్చిన తంటా ముందుంది.

మొదటి విచారణ వైద్య విభాగానిది. ఆ విభాగం సభ్యురాలు పేరున్న శస్త్రవైద్యురాలు. ఎంతోమందిని బతికించిన చెయ్యి. రక్తవర్గం గడి చూసి ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. పెట్రోలు ఒంట్లో డీజిల్ అవయవం పెట్టిన మనిషెవరని అడిగారు. మార్చాక నల్లపొగ ఏమైనా వచ్చిందా అని అడిగారు. మొదట్లో కొంచెం వచ్చిందని పరమేశం ఒప్పుకున్నాడు.

"అదే తిరస్కరణ" అన్నారావిడ, దిగులుగా. "ఒళ్ళు తనది కానిదాన్ని తిప్పికొడుతోంది. మీరు దాన్ని ఘాటు కూడా ఎక్కించారు."

బండిని తీవ్ర పర్యవేక్షణలో ఉంచాలని ఉత్తర్వయింది. ఆఫీసు దొడ్లో దాని చుట్టూ తాడు కట్టారు. యజమాని సాయంత్రం పూట మాత్రమే, మూతికి గుడ్డ కట్టుకుని, తాడవతల నుంచి చూడవచ్చు. పరమేశం రోజూ బస్సెక్కి వెళ్ళి చూసొచ్చేవాడు. ఒకనాడు పక్క అద్దం కనబడలేదు. ఇంకోనాడు వైపర్లు లేవు. తరవాత స్టెప్నీ పోయింది. కాపలావాణ్ణి అడిగితే, రోగి దగ్గరికి ఎవరినీ రానివ్వొద్దని తనకు గట్టి ఆర్డరుందని, తాను కూడా వెళ్ళడం లేదని చెప్పాడు. పరమేశం తాడు దాటబోతే కాపలావాడు ఈల ఊదాడు.

ఇంతలో దాత సంగతి తేలాలన్నారు. ఇంజను తీసేనాటికి జీపు బతికుంటే అది హత్య కిందకు వస్తుంది. చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం కావాలి. జీపును వేలం వేసిన శాఖకు మండలి తాఖీదు పంపింది. సదరు జీపు మరణించలేదని, తుక్కు మాత్రమే అయినదని ఆ శాఖ జవాబిచ్చింది. తుక్కగుటకును మరణించుటకును గల వ్యత్యాసమును విశదీకరింపుడని మండలి అడిగింది. తమ శాఖలో ఆ వ్యత్యాసం పాటించే ఆనవాయితీ లేదని, ఈ విషయమై సిబ్బంది విభాగాన్ని సంప్రదించగలరని జవాబొచ్చింది.

రెండో విచారణ మత మార్పిడి విభాగానిది. దీనికి సభ్యుడొక విశ్రాంత న్యాయమూర్తి. జీవితమంతా న్యాయం తప్ప మరొకటి చెయ్యనివాడు కనుక, ఇంజను తన పూర్వ వాహనాన్ని ఇష్టపూర్వకంగా విడిచిందా లేదా అన్నది తేలనిదే కలం ముట్టనన్నాడు. మార్పిడి జరిపిన వ్యక్తిగా దాలినాయుడు మేస్త్రీని పిలిపించారు. బోనులాంటిది ఒకటి ఏర్పాటు చేశారు.

ఇంజను ప్రతిఘటించిందా అని అడిగారు. రెండు నట్లు రాలేదని, సుత్తి పెట్టి కొట్టాల్సి వచ్చిందని దాలినాయుడు చెప్పాడు. 'బలవంతము' అని గుమాస్తా రాసుకున్నాడు. తరవాత దానికి ఏమైనా ఇచ్చారా, ఆశ చూపారా అని అడిగారు.

"కొత్తాయిలు పోసేను బాబూ" అన్నాడు దాలినాయుడు. "ఫిల్టరు ఏసేను. పాత డిపార్టుమెంటులో దానికవి ఎప్పుడూ పుట్టనేదు."

న్యాయమూర్తి కుర్చీలో వెనక్కి వాలాడు. 'ప్రలోభము' అని గుమాస్తా రాసుకున్నాడు. దాలినాయుణ్ణి ఇకపై ఏ వాహనానికీ నూనె పొయ్యనని హామీపత్రం రాసిస్తే గాని వదల్లేదు. అతను మరో నాలుగు మాటలు మాట్లాడి ఉంటే లోపలికే పంపేవారని పరమేశం ఇంటికొచ్చి నూకరత్నానికి చెప్పాడు.

మూడోది వ్యవసాయ విభాగం. ఈ విభాగం అధికారికి మండలిలో ఇన్నాళ్ళూ పని తగల్లేదు. అవయవాలూ మతాలూ వస్తున్నాయి తప్ప ఒక్క పంటా రాలేదని ఆయన చిన్నబుచ్చుకుని ఉన్నాడు. చెరకు అన్న మాట కనబడగానే ఆయన ప్రాణం లేచి వచ్చింది. స్వయంగా జీపు వేసుకుని సన్యాసినాయుడి తోటకు వెళ్ళాడు. రవాణాలో పుట్టి పెరిగిన ఇంజను వ్యవసాయంలోకి వచ్చింది కాబట్టి దాన్ని నమోదు చెయ్యాలని, పంట చేతికొచ్చేదాకా కదపరాదని, ఆ వెంటనే అదే నేలలో మినుములు వేసి తీరాలని ఉత్తర్విచ్చాడు. చెరకు నరికిన మళ్ళో మోడుకే మళ్ళీ పిలకలొస్తాయని, మధ్యలో మినుములు ఎక్కడ వెయ్యాలని సన్యాసినాయుడు నెత్తీనోరూ కొట్టుకున్నాడు. ఆ సాయంత్రమే బావగారింటికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, నీ ఇంజనూ వద్దు నీ చుట్టరికమూ వద్దని అనేసి పోయాడు. నూకరత్నం ఆ రాత్రి అన్నం తినలేదు.

పార్టీ మార్పిడి విభాగం మాత్రం ఒక్క రోజులో అనుమతి ఇచ్చేసింది. తమ దగ్గర ఇంతవరకు ఎవరికీ కాదన్న దాఖలా లేదని రాసింది.

ఈలోగా స్టాండులో పరమేశం వరసను ఇంకొకరికి ఇచ్చేశారు. నర్సమ్మ కొన్నాళ్ళు వాకబు చేసి, తరవాత షేర్ ఆటోకి అలవాటు పడిపోయింది. పరమేశం ఊళ్ళో వాళ్ళ బండ్లకు అద్దె డ్రైవరుగా వెళ్తూ, పని లేని రోజున మండలి వరండాలో కూర్చునేవాడు. అక్కడ అతనికి స్నేహితులు కూడా అయ్యారు. మూత్రపిండం కోసం ఎదురుచూస్తున్న ఒకాయన, తన ఫైలు వ్యవసాయ విభాగంలో ఆగిపోయిందని, గత రుతువులో ఏం వేశావని అడుగుతున్నారని చెప్పాడు. ఆయన మొహం చూశాక పరమేశానికి తన కారు గురించి మాట్లాడాలంటే సిగ్గేసింది.

చివరికి మండలి నిండు సభ జరిగింది. పరమేశం ఉతికిన చొక్కా తొడుక్కుని వెళ్ళి, చేతులు కట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. త్రివిక్రమరావు విషయం చదివాడు. విభాగాల అభిప్రాయాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదన్నాడు. అవయవ మార్పిడిలో మనిషి ఉంటాడు, భాగం మారుతుంది. మత మార్పిడిలో మనిషి ఉంటాడు, నమ్మకం మారుతుంది. పంట మార్పిడిలో నేల ఉంటుంది, పైరు మారుతుంది. మరి ఇక్కడ ఏది ఉన్నది, ఏది మారినది అన్నది తేలాలన్నాడు.

న్యాయమూర్తి కళ్ళు మూసుకుని ఆలోచించాడు. కదిలించేది ఏదో అదే ప్రాణం అన్నాడు. కదిలించేది ఇంజను. కారు బాడీ తనంతట తాను అంగుళం కదలదు. కనుక ఇక్కడ ఒక శరీరానికి కొత్త భాగం రావడం జరగలేదు. ఒక ప్రాణం జీర్ణమైన శరీరాన్ని వదిలి మరో శరీరంలో చేరింది.

"అందుచేత నా అభిప్రాయంలో ఇది మార్పిడి కానే కాదు" అని ముగించాడు.

పరమేశం గబగబా లెక్క వేసుకున్నాడు. మార్పిడి కాకపోతే మండలికి అధికారమే లేదు. అధికారం లేకపోతే బండి తనది. ఇన్నాళ్ళ తరవాత మొదటిసారి అతను పిలవకుండానే ముందుకొచ్చాడు.

"అయితే బండి తోలుకెళ్ళిపోమంటారా బాబూ?"

"ఇది పునర్జన్మ" అన్నాడు న్యాయమూర్తి.

తరవాతంతా చకచకా జరిగిపోయింది. పునర్జన్మ ఎత్తింది ఎవరు? ప్రభుత్వ జీపు. దాన్ని వేలంలో అమ్మేశారు కదా అని శస్త్రవైద్యురాలు అడిగారు. అమ్మింది తుక్కును అని త్రివిక్రమరావు గుర్తు చేశాడు. తుక్కు ఘాటెక్కదు. ఇది ఎక్కింది. ఘాటెక్కినది తుక్కు కాదు. తుక్కు కానిదాన్ని తుక్కుగా అమ్మడం చెల్లదు. కాబట్టి జీపు ప్రభుత్వ సేవలోంచి ఎప్పుడూ తొలగలేదు. సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంతకాలానికి ఒక చిక్కుముడి విప్పగలిగామన్న తృప్తి అందరి మొహాల్లోనూ కనబడింది.

ఉత్తర్వు అక్కడికక్కడే వెలువడింది. సదరు జీపు నూతన దేహముతో విధులలో పునఃప్రవేశించుటకు అనుమతించడమైనది. తుక్కుగా పడియున్న కాలమును ఆర్జిత సెలవుగా క్రమబద్ధీకరించడమైనది. సేవాకాలమును అవిచ్ఛిన్నముగా లెక్కించి, తదనుగుణముగా మండలి కార్యాలయ వాహనముగా నియమించడమైనది. ఘాటు ప్రయాణము చేయించిన కాలమునకు సంబంధించి, అనుమతి లేకుండ ప్రభుత్వోద్యోగిని సొంత పనులకు వినియోగించుకొన్న వ్యక్తిపై ఉదార దృష్టితో చర్య విరమించడమైనది.

పరమేశానికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపమొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందు బయటికి రానివ్వాలో తెలియక నిలబడిపోయాడు. బాడీ తనది బాబూ, సీట్లు తనవి, తలుపులు తనవి అని గొణిగాడు. ఆ సంగతి మండలి మర్చిపోలేదన్నాడు త్రివిక్రమరావు. శరీరదానాన్ని మించిన దానం లేదన్నాడు. గుమాస్తా ఒక శాలువా తెచ్చాడు. శస్త్రవైద్యురాలే స్వయంగా దాన్ని పరమేశం భుజాల మీద కప్పి, ఇలాంటి దాతలు ఊరికొకరుంటే చాలని కళ్ళు తుడుచుకున్నారు. ఆవిడ నిజంగానే కదిలిపోయారు. ఫొటో తీశారు. ఫొటోలో పరమేశం దండం పెడుతూ ఉన్నాడు. ఎవరికి పెడుతున్నాడో అతనికే తెలియదు.

సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చేసరికి నూకరత్నం వీధిగుమ్మంలో కూర్చుని మునగాకు దూస్తోంది. భర్త భుజం మీద శాలువా చూసింది. అతని వెనకాల వీధి ఖాళీగా ఉండటం చూసింది.

"బండేదీ?" అంది.

"దానికి గవర్మెంటు ఉద్యోగం వచ్చీసింది" అన్నాడు పరమేశం.

నూకరత్నం చేతిలో రెమ్మ ఆగిపోయింది. "పెర్మినెంటేనా?"

"పెర్మినెంటే. పాత సర్వీసు కూడా కలిపీసేరు."

ఆవిడ పక్కకు జరిగి చోటిచ్చింది. పరమేశం పక్కన కూలబడ్డాడు. ఎదురింటివాళ్ళు చూస్తున్నారని కూడా లేకుండా అతనికి దుఃఖం పొంగుకొచ్చింది. శాలువాతోనే మొహం తుడుచుకున్నాడు. కాసేపటికి నూకరత్నం మళ్ళీ ఆకు దూయడం మొదలుపెట్టి, "మరి నీ సంగతేటి?" అంది.

"నన్ను తుక్కు కింద రాసీసేరు" అన్నాడతను.

నూకరత్నం చేటలో ఆకు ఓ పక్కకు సర్దింది.

"వేలమెప్పుడో కనుక్కో" అంది. "నేను పాడుకుంటాను."